తేలిక ఫ్లైవీల్

కోరుట్లలో మల్లాపూర్ రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు. అజయ్ కారును అక్కడికి ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చారు. క్లచ్ పూర్తిగా కాలిపోయింది.

కారు చటుక్కున ఉరకాలని, అజయ్ ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రాన్ని, అసలు ఫ్లైవీల్‌ను, తీయించి తేలికది వేయించాడు. ఆ తర్వాతే దుబాయి పోయాడు. చెక్క పెట్టెలో తిరిగొచ్చాడు. పెట్టె తెరవొద్దన్నారు. తెరవకుండానే మట్టి చేశారు.

"బడి పిల్లలను తీస్కపోయే పని దొరికింది అన్నా. సోమవారం బండి నడవాలె," అన్నది అతని భార్య సంగీత.

ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు పడ్డాయి. అసలే పలచటిది. లేత్ మీద వెంట్రుకవాసి చొప్పున చెక్కించాను. మచ్చలు పోయి నునుపు తేలింది.

మధ్యాహ్నం కారు కింద గుంతలోకి దిగి దాన్ని బిగిస్తున్నాను. బయట ముసురు. జల్లు కొడుతోందని షట్టర్ దించేశాను. కరెంటు పోతే టార్చి వెలిగించుకున్నాను. ఎక్కడినుంచో కాలిన క్లచ్ వాసన... కొత్త ప్లేటు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

చివరి బోల్టు బిగించి చెయ్యి తీశాను.

ఫ్లైవీల్ కదిలింది.

మెల్లగా... సగం తిరిగి ఆగింది. కారు తాళం నా జేబులో ఉంది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. పైన సీటు కిర్రుమంది. ఎవరో పెడల్ తొక్కుతున్నారు... వదులుతున్నారు...

"ఎవరది?"

మెట్ల వైపు ఉరికాను. కారు ముందుకు జరిగింది. మెట్లు మూసుకుపోయాయి. వెనకవైపు గుంత మీద పరిచిన ఇనుప పలకలను భుజంతో తోశాను. కదల్లేదు.

"అన్నా... గాలి ఆడ్తలేదు."

పైనుంచి కాదు. గుంతలోంచే. నా వీపు వెనక.

"అజయ్..."

"మూత తియ్యి అన్నా."

పలకలను గుద్దాను. ఊపిరి అందలేదు. గుద్దుతూనే ఉన్నాను...

షట్టర్ లేచింది. వెలుతురు పడింది. కారు మొదటి చోటనే ఉంది. మెట్లకు ఏదీ అడ్డం లేదు. సంగీత వానలో తడిసి నిలబడి ఉంది.

"జల్ది రమ్మని ఫోన్ చేస్తివి. ఏమైంది అన్నా?"

"నేను చెయ్యలేదు చెల్లె. ఫోన్ ఇంట్లనే ఉన్నది."

ఆమె షట్టర్ మీది చెయ్యి తీయలేదు.

"నీ నంబరే," అన్నది గుసగుసగా. "గని... ఆయన పిలిచినట్టే సంగీ అన్నవు."

ఆమె చేతిలో ఫోన్ వెలుగుతోంది. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. అందులో, ఎవరో లోపలి నుంచి చెక్కను గుద్దుతున్నారు.