ఏలూరుకి ఒకటిన్నర

ఆ రోజు బడిలో గుడ్డు పెట్టే రోజు. కెజియా తెల్లసొన ఒలిచి తినేసి, పచ్చసొన చివరికి దాచుకుంది. అప్పుడే హెడ్మాస్టరుగారు వంటపాక దగ్గరికి వచ్చారు.

"కెజియా, చెయ్యి కడుక్కుని రామ్మా," అన్నారు.

ఆయన ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడరు.

"ఏం చేశావే?" అని పక్కనున్న అఖిల గుసగుసలాడింది.

"నేనేం చెయ్యలేదు."

గేటు దగ్గర సుకుమార్ పెదనాన్న నిలబడి ఉన్నాడు. బండెక్కమన్నాడు.

కెజియా వాళ్ళ నాన్న నెల్సన్ కొల్లేరు వైపు రొయ్యల చెరువుల్లో పని చేసేవాడు. ఆ ఉదయం చెరువులో నీళ్ళు చిలికే మోటారు ఆగిపోయింది. బాగుచెయ్యడానికి దిగిన నాన్నకి కరెంటు కొట్టింది. కెజియా ఇల్లు చేరేసరికి వాకిటి నిండా చెప్పులున్నాయి. నాన్నవి మాత్రం లేవు. అవి చెరువు గట్టు మీదే ఉండిపోయాయి.

ఇంట్లో ఇక ముగ్గురే మిగిలారు. అమ్మ స్నేహలత, మామ్మ రూతమ్మ, కెజియా.

నాన్న పోయాక అమ్మ భీమడోలులోనే ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేరింది. నేల తుడవడం, పక్కలు మార్చడం ఆమె పని. బడి వదిలాక కెజియా అక్కడికే వెళ్ళి, మందుల గది బయట బల్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఆసుపత్రిలో నర్సు లిడియా సిస్టర్ ఒకరోజు అమ్మతో అనడం కెజియా విన్నది.

"ఇంటర్ పాసయ్యావు కదా స్నేహా! ఎన్నాళ్ళిలా బకెట్టు మోస్తావు? నర్సింగ్ చదవకూడదూ?"

"ఈ వయసులోనా సిస్టర్? పిల్ల కూడా ఉందండి."

"ఉంటే? మా బ్యాచిలో ఇద్దరు పిల్లల తల్లి ఉండేది. మమ్మల్ని తిట్టి మరీ చదివించేది. ఆవిడ లేకపోతే నేను పాసయ్యేదాన్నే కాదు."

అమ్మ నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వగా కెజియా చూడడం అదే మొదలు.

అమ్మ ముందు రెండు దారులున్నాయి. ఒకటి తాడేపల్లిగూడెంలో ప్రైవేటు కాలేజీ. దాన్ని అందరూ గూడెం అనే అంటారు. పొద్దున్నే రైల్లో వెళ్ళి చీకటి పడకుండా ఇంటికొచ్చెయ్యవచ్చు. కానీ ఫీజు ఎక్కువ. రెండోది ఏలూరులో ప్రభుత్వ శిక్షణ కేంద్రం. అక్కడ ఖర్చు చాలా తక్కువ. కానీ హాస్టల్లోనే ఉండాలి.

ఒక సాయంత్రం అమ్మ జడ వేస్తూ చెప్పింది. "ఏలూరుకి అప్లై చేశాను తల్లీ. సీటొస్తే మామ్మకి నేనే చెప్తాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకు."

"హాస్టల్లో ఉంటావా?"

"ఉండాలి. నెలకోసారి వస్తాను."

"గూడెం అయితే రోజూ వచ్చెయ్యచ్చుగా?"

"గూడెం మనకి అందదమ్మా."

నాన్న కూడా సాయంత్రం వచ్చేస్తానని చెప్పే వెళ్ళాడు. ఆ మాట కెజియా నోటిదాకా వచ్చింది కానీ పైకి అనలేకపోయింది.

ఆ శుక్రవారం గృహ ప్రార్థన కెజియా వాళ్ళింట్లోనే పెట్టారు. సంఘంలో వాళ్ళు వారానికొక ఇంట్లో కూడుకుంటారు. పాటలయ్యాక ఎవరి మనవి వాళ్ళు చెప్తారు. అందరూ కలిసి దాని కోసం ప్రార్థన చేస్తారు. వాకిట్లో చాపలు పరిచారు. మామ్మ టీ కాచింది.

పెద్దవాళ్ళ మనవులయ్యాక పాస్టరు జయరాజు అయ్యగారు, "పిల్లలూ, మీరు కూడా చెప్పండి," అన్నారు.

అఖిల లేచింది. "మా మేక కుంటుతోందండి అయ్యగారూ. దానికి నయం కావాలండి."

"పోయిన వారం కూడా అదే మేక కదే!" అంది వాళ్ళమ్మ బేబీరాణి. అందరూ నవ్వారు.

"ఇంకా నయం కాలేదుగా మరి!" అంది అఖిల.

తరవాత కెజియా లేచి నిలబడింది.

"మా అమ్మకి ఏలూరులో సీటు రాకూడదండి. రాకుండా ప్రార్థన చెయ్యండి."

నవ్వులు ఆగిపోయాయి. మామ్మ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అమ్మ తల మీది కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"సీటేంటి స్నేహా?" అని అడిగింది బేబీరాణి.

అమ్మ చెప్పాల్సి వచ్చింది. తను చెప్పాలనుకున్నట్టు కాదు. అందరి ముందూ, తలొంచుకుని, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"హాస్టలంట! వాడు పోయి ఏడాదన్నా తిరగలేదు," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పిల్ల అంత కుమిలిపోతుంటే తల్లికి తెలీదా?" అని ఇంకెవరో అన్నారు.

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "తండ్రీ, ఈ ఇంటి దుఃఖం నీకు తెలుసు," అని మాత్రం ప్రార్థించారు. సీటు రావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు.

అందరూ వెళ్ళాక అమ్మ కెజియాని తిట్టలేదు. చాపలు చుట్టింది. గ్లాసులు కడిగింది. తిడితే బాగుండుననిపించింది కెజియాకి.

మర్నాడు పొద్దున్నే మామ్మ తన చెవి దుద్దులు తీసి అమ్మ చేతిలో పెట్టింది. చెవి రంధ్రాలు మూసుకుపోకుండా వేపపుల్లలు పెట్టుకుంది.

"ఇవి అమ్మి గూడెంలోనే చేరు స్నేహా. పిల్లని వదిలేసిందన్న మాట నీకెందుకే?"

"వద్దత్తయ్యా."

"నా కొడుకు ఎలాగూ రాడు. దీని కళ్ళ ముందు నువ్వన్నా ఉండు."

అమ్మ దుద్దులు కొంగున ముడేసుకుంది. సరేనంది.

ఆదివారం లిడియా సిస్టర్ ఫోను చేసింది. ఏలూరులో సీటొచ్చింది. సోమవారం సాయంత్రంలోగా వెళ్ళి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"అత్తయ్యకి మాటిచ్చానండి. గూడెం వెళ్తున్నాను," అని అమ్మ ఫోను పెట్టేసింది. తరవాత చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్ళే లేవు.

కోరుకున్నదే జరిగినా కెజియాకి సంతోషం కలగలేదు.

సోమవారం బడికి సెలవు. అమ్మ దుద్దులూ సర్టిఫికెట్లూ సంచిలో పెట్టుకుంది. అమ్మతోపాటు కెజియా కూడా గూడెం వెళ్ళింది. ముందు కాలేజీలో ఫీజు కనుక్కుని, తరవాత బంగారం కొట్టుకి వెళ్ళాలని అమ్మ అనుకుంది. ఆఫీసులో క్లర్కు గంగాధరరావుగారు మర్యాదగా కుర్చీ చూపించారు. అమ్మ చెప్పిందంతా విన్నారు.

"అవి అమ్మితే మొదటి ఏడాది గడిచిపోద్దండి," అన్నారు. "రెండో ఏడాదికి మళ్ళీ కట్టాలమ్మా. మూడో ఏడాదికి మళ్ళీ."

"మధ్యలో ఆగిపోవాల్సి వస్తేనండి?"

ఆయన చెప్పడానికి ఇబ్బంది పడ్డారు. "కట్టింది తిరిగి రాదండి. చదువూ చేతికి రాదు."

అక్కడే గోడ పక్కన ఒక అక్క నిలబడి ఉంది. సర్టిఫికెట్ల కోసం వచ్చింది. కెజియాని చూసి నవ్వి, "ఏ క్లాసమ్మా?" అని అడిగింది.

"ఐదు. మీరు నర్సాండి?"

"అవుదామనుకున్నాను." ఆ అక్క నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు మారిపోయాయి. "రెండేళ్ళు చదివాను. ఆఖరి ఏడాదికి కట్టలేకపోయాం. ఇప్పుడు చీరల కొట్టులో చేస్తున్నాను."

"మళ్ళీ చదవరా?"

"చూడాలమ్మా."

అమ్మ ఆ అక్క వైపు చూసింది. తరవాత ఒళ్ళో ఉన్న సంచి వైపు చూసింది. "మళ్ళీ వస్తానండి," అని లేచింది.

బంగారం కొట్టుకి వెళ్ళలేదు. గూడెం స్టేషన్‌కి వచ్చి ప్లాట్‌ఫారం చివర బల్ల మీద కూర్చున్నారు. అమ్మ వేరుశెనక్కాయల పొట్లం కొని కెజియాకిచ్చింది. తను తినలేదు.

"అమ్మా, నువ్వు నర్సే ఎందుకవ్వాలి?"

అమ్మ పట్టాల వైపే చూస్తూ చెప్పింది. "ఆ రోజు నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి నాన్నని గట్టు మీద పడుకోబెట్టారు. చుట్టూ ఎంతోమంది ఉన్నాం. ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాను. గుండె మీద ఎలా నొక్కాలో తరవాత లిడియా సిస్టర్ చూపించింది. నొక్కినా బతికేవాడో లేదో తెలీదు. కానీ అప్పుడు నాకు రాదు కదా! అది మనసులోంచి పోవట్లేదు తల్లీ."

కెజియా చేతిలో పొట్లం నలిగిపోయింది. ఇన్నాళ్ళూ నాన్న పోయింది తనకేనన్నట్టు ఏడ్చింది. అమ్మ ఆ గట్టు మీద ఉందన్న సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"ఇంటికి పోదాం. ఆయా పని ఉందిగా!"

టిక్కెట్ల కౌంటరు దగ్గర ముందు ఇద్దరే ఉన్నారు. వాళ్ళ వంతు వచ్చింది. అమ్మ కిటికీలో చెయ్యి పెట్టి, "భీమడోలుకి ఒకటిన్నర అండి," అంది.

కెజియా అమ్మ కొంగు పట్టుకుని లాగింది. "ఏలూరుకి తియ్యమ్మా."

"ఏంటీ?"

"సాయంత్రం దాకా టైముంది కదా! ఏలూరుకి తియ్యి."

అమ్మ కెజియా మొహంలోకి చూసింది. "నువ్వుండగలవా?"

"ఏమో," అంది కెజియా. ఏడుపు ఆపుకోలేకపోయింది. "అయినా తియ్యి."

"అమ్మా, ఏ ఊరో తేల్చుకోండి. వెనక జనం ఉన్నారు," అన్నాడు లోపలి మనిషి.

"ఏలూరండి," అంది కెజియా, అమ్మ కన్నా ముందు. "ఏలూరుకి ఒకటిన్నర."

రైలు భీమడోలులో ఆగింది. కిటికీలోంచి ఊరు కనిపించింది. దిగేవాళ్ళు దిగారు. వీళ్ళిద్దరూ కూర్చునే ఉన్నారు. బండి కదిలేదాకా అమ్మ కెజియా చెయ్యి వదల్లేదు.

ఏలూరులో సీటు ఖాయం చేసుకుని ఇంటికొచ్చాక అమ్మ మామ్మకి దుద్దులు తిరిగి ఇచ్చి సంగతంతా చెప్పింది. మామ్మ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు తనే అమ్మ పెట్టెలో ఆవకాయ సీసా సర్దింది.

అమ్మ ఏలూరు వెళ్ళి నెల కావస్తోంది. మామ్మకి చూపు సరిగా ఆనదు, అందుకని కెజియా జడ తనే వేసుకుంటోంది. పాపిట వంకర పోతుంది. "పాపిటేంటే పాములా ఉంది!" అని అఖిల రోజూ ఏడిపిస్తుంది. రోజూ తనే సరిచేస్తుంది.

ఆదివారాలు అమ్మ ఫోను చేస్తుంది. మొన్న బొమ్మ మీద గుండె నొక్కడం నేర్పారని చెప్పింది. చెప్తూ మధ్యలో ఆగిపోయింది. "చెప్పమ్మా," అంది కెజియా.

కొన్ని రాత్రులు కెజియా అమ్మ దిండు పక్కన పెట్టుకుని పడుకుంటుంది. ఏడుస్తుంది కూడా. కానీ వచ్చెయ్యమని ఫోనులో ఒక్కసారి కూడా అడగలేదు.

అందరి ముందూ అన్న మాటకి అమ్మకి సారీ చెప్పాలి. అది మాత్రం ఇంకా చెప్పలేదు.