పదకొండుకి రెండు సెకన్ల ముందు

ఉదయం పదిన్నర. జెరాక్స్ షాపు పైన మూడో అంతస్తు. తలుపు మీద మూడు దెబ్బలు.

“గొడుగు తెచ్చావా?” లోపలి గొంతు.

“వానే తేలేదు.”

తలుపు తెరుచుకుంది. ఏజెంట్ నత్త లోపలికొచ్చాడు. కంప్యూటర్ రిపేరువాడి వేషం, చేతిలో స్క్రూడ్రైవర్ల పెట్టె. నడకలో నత్తే గానీ, నసలో ఎక్స్‌ప్రెస్.

చీఫ్ గొంతు తగ్గించాడు. “విదేశీ ముఠా కొరియర్ దగ్గర దొరికిన డిస్క్ ఇది. ఇందులో ఒక ఫైలు సరిగ్గా పదకొండుకి ఒక్క నిమిషం తెరుచుకుని, తనని తనే చెరిపేసుకుంటుంది. గడియారం చేత్తో తిప్పితే అప్పుడే చెరిగిపోతుంది. ముఠాలో దూరిన మీ బావ గుట్టు మన ఆఫీసులో ఎవరో అమ్మేశారు. ఆ పేరు ఇందులో ఉంది. ఫైలు సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.”

“బావకి కబురు పెట్టొచ్చుగా సార్?”

“కబురు ఎవరి చేతిమీదుగా పోతుందో తెలీకుండానా?”

చీఫ్ తన గదికెళ్ళాక నత్త డిస్క్ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బావకేమైనా అయితే అక్కకి ఏ మొహం చూపించాలి?

నిన్ననే లైనక్స్ కంప్యూటర్లో ఒక వర్చువల్ మెషీన్ సిద్ధం చేశాడు. అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్. డిస్క్ అందులో నడిపితే, ముఠా ప్రోగ్రాం తన సొంతింట్లోనే ఉన్నాననుకుంటుంది. కానీ ఇవాళ స్టార్ట్ నొక్కితే ఎర్రక్షరాలు. మెషీన్ లేవనంది.

రీస్టార్ట్ చేసి, కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయాస్‌లోకి దూరాడు. లోపలి మెషీన్ని నడిపించే వర్చువలైజేషన్ ఆపేసి ఉంది. మళ్ళీ ఆన్ చేశాడు. దానంతటది ఆగదు. బయాస్‌కి బయాస్ ఉండదు, మనుషులకే ఉంటుంది. ఈ గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకరు చీఫ్.

రెండో తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నెమలి వచ్చింది. నెట్‌వర్క్ ఇంజనీరు. నల్ల కళ్ళద్దాలు, గుప్పుమనే సెంటు.

“ఏంటి నత్తగారూ, ఇంకా పాకుతున్నారా?”

“లేచింది మేడమ్, ఇప్పుడే.” పది యాభై అయిదు.

“నెట్‌వర్క్ తీసేశారేం? బ్రిడ్జ్ వేయండి, హాయిగా బయటి నెట్‌కి కలుస్తుంది.”

“మనం బ్రిడ్జ్ వేస్తే దాని మీద ఎవరు నడిచొస్తారో ఎవరు చూడొచ్చారు?”

ఆమె నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. బయటికెళ్ళి, పదకొండుకి పది సెకన్లుందనగా మళ్ళీ తలుపు తోసింది.

“చీఫ్ పిలుస్తున్నారు. అర్జంటట!”

ఇప్పుడా? నత్త ఆమెని ఎగాదిగా చూశాడు. కుర్చీలోంచి లేస్తూ, అలవాటు ప్రకారం ఒక బటన్ నొక్కి, స్క్రీన్‌కి తాళం వేసి వెళ్ళాడు.

“నేనెక్కడ పిలిచాను?” అన్నాడు చీఫ్.

ఇద్దరూ పరిగెత్తుకొచ్చేసరికి పదకొండు దాటి రెండు నిమిషాలు. నెమలి నిట్టూర్చింది. “అయ్యో, టైము దాటిపోయింది. ఫైలు చెరిగిపోయుంటుంది, పాపం!”

నత్త ఆమె వైపు తిరిగాడు.

“ఫైలు చెరిగిపోతుందని మీకెవరు చెప్పారు మేడమ్?”

ఆమె చెయ్యి కరెంటు ప్లగ్ మీదికి దూకింది. చీఫ్ ఆ మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

“కుర్చీ వదిలితే మెషీన్ని పాజ్‌లో పెట్టి పోవడం నాకలవాటు,” అన్నాడు నత్త తాళం తీస్తూ. “గోడ మీద పదకొండు దాటింది. దీని కడుపులో పదకొండుకి ఇంకా రెండు సెకన్లున్నాయి. మీ బ్రిడ్జ్ వేసుంటే, బయటినుంచి సరైన టైము తెచ్చుకుని కొంప ముంచేది.”

రెస్యూమ్ నొక్కాడు. యాభై తొమ్మిది... పదకొండు. ఫైలు తెరుచుకుంది. ఒకే ఒక్క పేరు. నెమలి.

ఇక దారి భద్రమని తేలాక చీఫ్ బావకి కబురు పంపాడు. పావుగంటలో బావ జవాబు: “బయటపడ్డాను. ఇంటికొస్తున్నా. ఈ మూడేళ్ళూ ఎక్కడున్నానో మీ అక్కకి నువ్వే చెప్పు.”

నత్త కీబోర్డు వైపు దిగులుగా చూశాడు. అక్కకి పాజ్ బటన్ లేదు.