బిషప్ గారి రాతిపెట్టె

ఇంగ్లండులోని లింకన్ ఊళ్ళో, కొండవీధి రొట్టెల కొట్టు ముందు గొడుగు పట్టుకుని క్యూలో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే చచ్చిపోయాడు. ఆ ఊరివాళ్ళు మర్యాదస్తులు. క్యూ ఎందుకు కదలట్లేదని అడిగితే బాగోదని వెనకవాళ్ళు చాలాసేపు ఓపిక పట్టారు. చివరికి, రొట్టెలు అయిపోతున్నాయన్న బెంగతో ఒక ముసలావిడ వేలితో మెల్లగా పొడిచింది. ముందు గొడుగు పడింది, తర్వాత మనిషి పడ్డాడు. మెడ మీద సూది గుచ్చిన మచ్చ.

పోయినవాడు బ్రిటిష్ రహస్యశాఖ మనిషి.

"వాడు కాపలా కాస్తున్నది ఈవిడకి," అన్నాడు లండన్‌లో మేజర్ క్రాడక్, ఒక ఫోటో బల్ల మీదికి తోస్తూ. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ హ్యూ రాన్స్‌లీ. "డాక్టర్ లుద్మిలా. ఎముకలు చదివే మనిషి. తూర్పున వాళ్ళ దేశంలో, ఒక అడవిలో వందలమందిని పూడ్చిన గొయ్యి తవ్వింది. ఎవరు ఎలా చంపారో ఎముకల్ని చూసి చెప్పేస్తుంది. సోమవారం జెనీవాలో సాక్ష్యం. చెప్పనివ్వొద్దని 'గబ్బిలం' ముఠాకి ఆర్డరు."

"ఇప్పుడెక్కడుంది?"

"లింకన్‌లోనే. పెద్ద చర్చి, అదే కథీడ్రల్ పక్కన తవ్వకాల్లో పాతకాలపు బిషప్ రాతి శవపేటిక బయటపడింది. రేపు మధ్యాహ్నం గంటలు మోగగానే మూత తీస్తారు. టీవీవాళ్ళొస్తారు. లోపల చెయ్యి పెట్టేది ఈవిడే."

"దాక్కోమనొచ్చుగా."

"అన్నాం. ఏడొందల ఏళ్ళుగా పడుకున్న పెద్దమనిషిని ఇంకా కాయించడం బాగోదంది." మేజర్ సొరుగులోంచి ఒక తాపీ తీశాడు. "పిడిలో పిస్తోలు. ఒకటే గుండు. నువ్వక్కడ తవ్వకాల పనివాడివి. మన మనిషి ఇంకొకరున్నారు. గుర్తుమాట: 'మళ్ళీ వాన పట్టేట్టుందండీ.' జవాబు: 'మా బామ్మ మోకాళ్ళు అదే అంటున్నాయి.'"

ఇంగ్లండులో వాన మాటని గుర్తుమాటగా పెట్టిన బుర్ర ఎవరిదో గానీ, మర్నాడు పొద్దున కథీడ్రల్ గేటు దగ్గర హ్యూ ఆ మాటన్న ప్రతివాడూ ఆగి, వాన గురించి తనకు తెలిసిందంతా చెప్పి గానీ కదల్లేదు. పాలవాడు చెప్పాడు. పాదిరీ తాతల కాలపు వరదల దాకా వెళ్ళాడు. ఆఖరికి టీవీ కెమెరా పక్కనున్న అందగత్తె నవ్వి, "మా బామ్మ మోకాళ్ళు అదే అంటున్నాయి," అంది.

రోసలిండ్ వేన్. ఆదివారం రాత్రి ఆమె కార్యక్రమం చూడందే సగం దేశం నిద్రపోదు. మెడలో పట్టు రుమాలు, తవ్వేవాళ్ళలా కనబడాలని కొన్న, నిలువు చారలు ఉబ్బెత్తుగా ఉండే సరికొత్త కార్డురాయ్ ప్యాంటు.

"ఈ తవ్వకాలు నడిపే ప్రొఫెసర్ మీద కన్నేసి ఉంచు," అంది గొంతు తగ్గించి. "ఆయన తూర్పుకి చాలాసార్లు వెళ్ళొచ్చాడు."

ప్రొఫెసర్ ఫెన్‌విక్‌దీ కార్డురాయ్ ప్యాంటే. కాకపోతే కాలేజీలో చేరినప్పుడు కుట్టించినట్టుంది. మోకాళ్ళ దగ్గర చారలన్నీ అరిగి బోడిగుండులా నున్నగా మెరుస్తోంది. ఆయన హ్యూ తాపీని తిప్పి చూశాడు.

"ఇదేమిటి నాయనా, పెళ్ళిలో కేకు కోసేదా?" అని దాన్ని చెత్తబక్కెట్లో పడేసి, తన పాత తాపీ చేతిలో పెట్టాడు. పిస్తోలు అలా పోయింది. "వెనక్కి జరుగుతూ గీకు. గీకిన నేల మీద మోకాలు పెట్టావో, మీ అమ్మ ఊడ్చిన ఇంట్లో బురదకాళ్ళతో నడిచినట్టే."

టార్పాలిన్ పందిరి కింద, గుంట మధ్యలో ఉంది రాతిపెట్టె. మూత తలవైపు బీటలిచ్చింది. ఆ బీటనిండా బంకమట్టి. హ్యూ బుద్ధిగా వెనక్కి గీకాడు, కళ్ళు మాత్రం నాలుగువైపులా తిప్పాడు.

టీ ఈల మోగింది. అందరూ తాపీలు ఎక్కడివక్కడ పడేసి గుడారంలోకి నడిచారు. హ్యూ లుద్మిలా పక్కనే కూర్చున్నాడు.

"ఆ పోయినాయన్ని రొట్టెకి పంపింది నేనే," అందామె, కప్పులోకి చూస్తూ. "సోమవారం దాకా నన్ను బతికించు. ఆ గొయ్యిలో ఉన్నవాళ్ళ తరఫున మాట్లాడేందుకు ఇంకెవరూ లేరు. ఆ తర్వాత నీ ఇష్టం."

"మంగళవారం కూడా బతికుంటే మా మేజర్ ఏమీ అనుకోడు లెండి."

ఆమె కప్పు ఖాళీ చేసి లేచింది.

తిరిగొచ్చేసరికి కెమెరా దీపాలు వెలిగాయి. లుద్మిలా పెట్టె తలవైపు మోకరిల్లింది. ఇద్దరు పనివాళ్ళు మూత కింద గునపాలు దూర్చారు. హ్యూ గట్టు మీద నిలబడి నేలని చూశాడు, మళ్ళీ చూశాడు.

శుభ్రంగా గీకిన నేల మీద మోకాళ్ళ గుంటలు. గీకుతూ ముందుకే పోయాయి, సూటిగా పెట్టె తలవైపుకి.

అందరూ టీ తాగుతుంటే ఎవరో ఇక్కడ పనివాళ్ళలా నేల గీకారు, గుడారంలోంచి ఎవరైనా తొంగిచూసినా అనుమానం రాకుండా. టీ వేళ తాపీ పట్టేవాడు ఇంగ్లండులో ఇంకా పుట్టలేదు. పైగా ముందుకి గీకాడు. వీడు తవ్వేవాడు కాదు.

హ్యూ వంగి చూశాడు. గుంటల్లో దువ్వెనతో గీసినట్టు చారలు. కార్డురాయ్.

చూపు ప్రొఫెసర్ మీదికి పోయింది. ఆయన మోకాళ్ళు నున్నగా మెరుస్తున్నాయి. ఆ బట్ట ఏ మట్టి మీదా చార వెయ్యలేదు. పైగా ఈయన నిద్రలో గీకినా వెనక్కే గీకుతాడు.

చారలింకా అరగని ప్యాంటు ఒకటే ఉంది.

మన మనిషే అనుకున్న రోసలిండ్ కెమెరా దగ్గర లేదు. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గాలి వచ్చే వైపుకి నింపాదిగా నడిచిపోతోంది.

మొదటి గంట మోగింది. గునపాలు వంగాయి. మూత వెంట్రుకవాసి లేచింది.

హ్యూ గట్టు మీంచి గుంటలోకి దూకి ఆ మూత మీద పడ్డాడు. గునపాలు జారాయి, రాయి ధడేలుమని కూర్చుంది. "ఎవరూ కదలొద్దు. డాక్టర్ గారూ, ఆ బీట చూడండి."

"ఈ బంకమట్టి పొద్దుటిది కాదు," అందామె మెల్లగా. పారిపోలేదు. ఎముకల సందులు శుభ్రం చేసే సన్న పుల్లతో మట్టి తొలిచింది. లోపల స్ప్రింగుకి బిగించిన గాజుబుడ్డి, అందులో పసుపుపచ్చని ద్రవం. మూత వేలెడు లేస్తే బుడ్డి పగిలి విషవాయువు కమ్ముకుంటుంది. గుంటలో ఒక్కరూ మిగలరు.

హ్యూ చెమట ఆమె చేతి మీద పడింది. "పక్కకి కార్చుకో," అంది తల ఎత్తకుండా. చంటిపిల్ల నోట్లోంచి గింజ తీసినట్టు, బుడ్డిని రెండు వేళ్ళతో బయటికి తీసింది. ఆఖరి గంట మోగింది.

రోసలిండ్ వెనక్కి తిరిగి చూసింది, పరుగెత్తింది. దగ్గరదారని తవ్విపోసిన మట్టిగుట్ట ఎక్కింది. రాత్రంతా వానకి నానిన గుట్ట. నడుముదాకా దిగిపోయింది. హ్యూ తీరిగ్గా నడిచి వెళ్ళాడు.

"మా వాళ్ళొస్తారు," అందామె, అంత బురదలోనూ పట్టు రుమాలు సర్దుకుంటూ.

"పార పట్టుకుని రమ్మనండి. నా ఒక్కడివల్ల కాదు."

గుంట దగ్గర లుద్మిలా నేల మీద చతికిలబడి ఉంది. "సోమవారం చెబుతాను," అంది. "అన్నీ చెబుతాను. పేర్లతో సహా."

పక్కనే ఫెన్‌విక్ వణుకుతున్నాడు. హ్యూ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "భయపడకండి, ప్రొఫెసర్ గారూ. గండం గడిచింది."

"భయం కాదయ్యా," అన్నాడాయన. "ఫోటో కూడా తియ్యని నేల మీద బూటుకాళ్ళతో దూకిన వెధవ ఎవడు?"

జెనీవాలో సాక్ష్యం పూర్తయిన రోజున మేజర్ లింకన్‌కి ఫోన్ చేసి, తన ఏజెంటు ఇంకా లండన్ ఎందుకు రాలేదని అడిగాడు. తొక్కినంత మేరా మట్టిని వాడే జల్లెడ పట్టడం అయ్యేదాకా పంపేది లేదని చెప్పి ప్రొఫెసర్ ఫోన్ పెట్టేశాడు.