ఆరు చొక్కాల గుడ్డ

ఆ రోజు పొద్దున కూడా లుమింగ్ లేవగానే చేసిన మొదటి పని, కూతురి గది తలుపుకు చెవి ఆనించడం. లోపల మూలుగు వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే అంతకంటే పెద్ద భయం. ఈసారి రెండూ కాదు, కుట్టుమిషను చప్పుడు వినిపించింది.

"యేసూ, మరియా, యోసేపా! తెల్లారకుండానే మొదలుపెట్టావా? చేతులు నొప్పిగా లేవూ?"

"లేవు నానాయ్," అని లోపల్నుంచే తల్లికి జవాబిచ్చింది మారివిక్.

"నిజం చెప్పు."

"ఇప్పటిదాకా లేవు. ఇంకో నాలుగుసార్లు అడిగావంటే వస్తాయేమో."

మారివిక్‌కు ముప్పై నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది గానీ కీళ్ళనొప్పులు ఒంటిని పట్టుకుని ఉండిపోయాయి. ఒక్కోరోజు దువ్వెన కూడా పట్టుకోలేకపోయేది. ఎముకల డాక్టరు చూశాడు, పట్నంలో ఇంకో డాక్టరు చూశాడు, కొండ అవతలి నుంచి వచ్చి ఒళ్ళు పట్టే ముసలాయన కూడా చూశాడు. తగ్గడానికి ఏళ్ళు పట్టొచ్చు, అసలు తగ్గకపోవచ్చు కూడా అని తేలింది. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి లుమింగ్ కూతురిని చెంచా ఎత్తనివ్వలేదు. అన్నం తనే పెట్టేది, జడ తనే వేసేది, అల్లుడు రోడెల్ బట్టలు కూడా తనే ఉతికేది.

మూడు నెలలుగా మారివిక్ గురువారం గురువారం ఆరోగ్య కేంద్రానికి వెళ్తోంది. ఎడతెగని నొప్పులున్నవాళ్ళు ఎనిమిది మంది అక్కడ ఒక నర్సు ముందు కూర్చుని, నొప్పితో ఎలా బతకాలో ఒకరికొకరు చెప్పుకుంటారు. అక్కడ నేర్చుకొచ్చిన పద్ధతులతోనే ఇంట్లో గొడవ మొదలైంది.

గదిలో అలారం గంట మోగింది. మారివిక్ కుట్టు సగంలో ఆపి లేచి వచ్చింది.

"ఏమైంది? నొప్పొచ్చిందా?"

"రాలేదు. ఇరవై నిమిషాలయ్యాయి."

"నొప్పి లేకపోతే ఎందుకాపావు?"

"రాకముందే ఆపాలి నానాయ్. వచ్చాక ఆపితే మూడు రోజులు మంచమే."

"వచ్చేదైతే మొదలెట్టడమెందుకు, రానిదైతే ఆపడమెందుకు? ఇదేం చోద్యం తల్లీ, నా బుర్రకెక్కదు."

కాఫీలో రొట్టె ముంచుకుంటున్న రోడెల్ తల ఎత్తాడు. "నా ట్రైసికిల్ ఆటో కూడా అంతే నానాయ్. ఇంజను కాగకముందే కాసేపు ఆపితే కొండెక్కుతుంది. కాగాక ఆపితే తోసుకుంటూ రావాలి."

"నా కూతురు నీకు ట్రైసికిల్లా కనపడుతోందా?"

"అబ్బే. ట్రైసికిల్‌ని ఎవరూ ఇన్ని ప్రశ్నలడగరు."

ఇంతలో మారివిక్ గోరువెచ్చని నీళ్ళ బేసిన్‌లో చేతులు పెట్టబోయింది. లుమింగ్ ఒక్క అంగలో వచ్చి బేసిన్ లాగేసుకుంది.

"మిషను దగ్గర కాగిన చేతులు నీళ్ళలో పెడతావా? పస్మా పట్టి చేతులు పాడవుతాయి! మా పిన్ని ఇస్త్రీ చేసి వెంటనే గిన్నెలు కడిగింది, చచ్చేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి."

"అవి చన్నీళ్ళు, ఇవి వేణ్ణీళ్ళు. నర్సే చెప్పింది."

"ఆ నర్సుకు చెప్పడానికి తల్లి లేదా?"

నీళ్ళన్నీ పెరట్లో మిరప మొక్కల పాలయ్యాయి. మారివిక్ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని మెల్లగా ఊపిరి తీసి వదలసాగింది.

"రోడెల్, చూడు చూడు! కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి!"

"తిరగడం లేదు నానాయ్," అంది మారివిక్ కళ్ళు తెరవకుండానే. "కోపం మింగుతున్నాను. ఇదీ అక్కడే నేర్పారు."

మొగుడూ పెళ్ళాలు ట్రైసికిల్‌లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాక లుమింగ్ గది ఊడుస్తూ గుడ్డ చూసింది. బడిలో పాటల బృందం పిల్లలు ఆరుగురికి తెల్ల చొక్కాలు. డెలియా టీచరు ఇచ్చి రెండు రోజులైంది. మారివిక్ ఒక్క కాలరు మాత్రం కుట్టింది. ఆరు చొక్కాలంటే ఆరు కాలర్లు, పన్నెండు చేతులు, ఎన్ని బొత్తాలో. పిల్ల వేళ్ళు ముందు బిగుసుకుపోతాయి, తరవాత వంకర తిరుగుతాయి, ఆ తరవాత చక్రాల కుర్చీ. ఆలోచన శవపేటిక దాకా వెళ్ళేసరికి లుమింగ్ చేతిలోకి ఫోను వచ్చేసింది.

"టీచరమ్మా, ఎవరినైనా పంపి గుడ్డ తీసుకెళ్ళండి. మా పిల్ల కత్తెర కూడా పట్టుకోలేకపోతోంది."

అరగంటలో టీచరు భర్త వచ్చి మూట పట్టుకుపోయాడు. లుమింగ్‌కు గుండెల మీద బరువు దిగినట్టనిపించింది. కూతురికి ఇష్టమని చింతపండు పులుసు చేపలు కూడా వండింది.

మధ్యాహ్నం మారివిక్ నవ్వుతూ వచ్చింది. కాలరు ఫోటో చూసి అక్కడందరూ చప్పట్లు కొట్టారట. ఆ నవ్వుతోనే గదిలోకి వెళ్ళింది. బయటికి వచ్చేటప్పుడు అది లేదు.

"గుడ్డ ఏది?"

"ముందు అన్నం తిను."

"నానాయ్, గుడ్డ ఏది?"

లుమింగ్ చెప్పింది. చెప్తున్నకొద్దీ కూతురి ముఖం చూడలేక పులుసు గిన్నెకు చెప్పింది.

"కత్తెర పట్టుకోలేనని నువ్వు చూశావా?"

"రేపు పట్టుకోలేకపోతే? నీ చేతులు పోతే ఎవరు చూస్తారే? నేనెన్నాళ్ళుంటాను?"

"నా చేతులు నొప్పి పుడుతున్నాయి, పోలేదు. పోయిందేమిటో చెప్పనా? రెండేళ్ళ తరవాత ఒక్కరు నన్ను నమ్మి పని ఇచ్చారు. ఇక ఈ ఊళ్ళో ఎవరిస్తారు? దానికి చేత కాదని కన్నతల్లే చెప్పిందిగా!"

"నీ మంచికే..."

"నీకు భయమేసినప్పుడల్లా నా పని ఒకటి నీ చేతుల్లోకి పోతోంది. వంట పోయింది, జడ పోయింది, మొగుడి చొక్కాలు పోయాయి. ఊపిరొక్కటి మిగిలింది. అదీ సరిగ్గా తీయడం లేదని పొద్దున అరిచావు!" మారివిక్ గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నువ్వే పంపావు. నువ్వే వెళ్ళి తీసుకురా."

గది తలుపు మూసుకుంది. రోడెల్ ట్రైసికిల్ తాళం అందుకున్నాడు. "పదండి, దింపుతాను."

"వద్దు. దారి పొడుగునా నువ్వూ నీతులు చెప్తావు."

డెలియా టీచరు ఇల్లు ఎత్తు మీద ఉంది. లుమింగ్ మోకాళ్ళు అరిగి పన్నెండేళ్ళయింది. మందుల షాపు మెట్టు మీద కూర్చుని పది జపాలు చెప్పుకుంది. లేచింది. రొట్టెల కొట్టు అరుగు మీద ఇంకో పది. మొత్తానికి గేటు దగ్గరికి చేరింది.

"అయ్యో ఆలింగ్ లుమింగ్!" టీచరు పెద్దావిడను మర్యాదగా పిలుస్తూ పరుగున వచ్చి రెక్క పట్టుకుంది. "ఈ మోకాళ్ళతో మీరు ఈ ఎత్తు ఎక్కడమేమిటి? ఇక ఎక్కకండి. ఏం కావాలన్నా ఫోన్ చేయండి, మేం చూసుకుంటాం."

లుమింగ్‌కు చురుక్కుమంది. రెక్క విడిపించుకుంది. "ఎందుకెక్కకూడదు? పన్నెండేళ్ళుగా ఎక్కుతున్నాను. నాకు నా మోకాళ్ళ సంగతి తెలియదా? అవి అరవకముందే కూర్చుంటాను. పది జపాలు చెప్పుకుని మళ్ళీ..."

నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. పొద్దున కూతురు చెప్పిందీ ఇదే.

"గుడ్డ కోసం వచ్చాను టీచరమ్మా."

"ఇప్పుడా? నాలుగు చొక్కాలది సంత దగ్గర దర్జీకి ఇచ్చేశాను. రెండే ఉన్నాయి. అయినా కత్తెర పట్టుకోలేదన్నారుగా?"

"అబద్ధం చెప్పాను. కుడుతుంది. కాసేపు కుట్టి ఆపుతుంది, మళ్ళీ కుడుతుంది. కాలరు ఎలా వచ్చిందనుకున్నారు! దాని వయసులో నేనే అలా కుట్టలేదు."

"ఎప్పటికిస్తుంది మరి?"

లుమింగ్ నోరు తెరిచింది. డాక్టరు అడిగినా, చర్చి ఫాదర్ అడిగినా, పక్కింటివాళ్ళు అడిగినా రెండేళ్ళుగా మారివిక్ తరఫున జవాబు చెప్పింది ఈ నోరే. దాన్ని మళ్ళీ మూసింది.

ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. మారివిక్ మూట విప్పి చూసింది.

"రెండేనా?"

"రెండే. నాలుగు నా నోటికి బలైపోయాయి."

"ఎప్పటికిస్తానని చెప్పొచ్చావు? వచ్చే క్రిస్మస్‌కా?"

"నేనేం చెప్పలేదు," అంది లుమింగ్. "చేతులు మా పిల్లవి, దాన్నే అడగండి అన్నాను. టీచరమ్మ నీ ఫోన్ కోసం చూస్తోంది."

మారివిక్ తల్లి వైపు చూసింది. అరచేత్తో రెండు కళ్ళూ తుడుచుకుని ఫోను తీసింది.

"టీచర్, నేను మారివిక్‌ని. పది రోజుల్లో... కాదు, పన్నెండు అనుకోండి. చేతులు మొరాయించే రోజులు కూడా కలిపి చెప్తున్నాను. ఆ, రెండూ నేనే కుడతాను."

రెండు చొక్కాలకు పన్నెండు రోజులేం సరిపోతాయి, నెల అడగొచ్చు కదా అన్న మాట లుమింగ్ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ మధ్య నొక్కి పట్టింది. మాటైతే ఆగింది గానీ కన్నీళ్ళు ఆగలేదు. వాటిని తుడుచుకోవడం కూడా మరిచి, గుమ్మంలో నిలబడి కూతురు మాట్లాడటం చివరిదాకా విన్నది.