నాలుగు వేళ్ళ మూలబిందువు

ఆ కాలానికి కాకినాడలో గోడకు తగిలించే తెర గాని, బల్లమీద పెట్టుకునే మానిటర్ గాని వెతికినా దొరకదు. కంట్లో పెట్టుకునే పల్చటి కటకం, ఎదురుగా గాలిలో తేలే వెలుగు, అంతే. జగన్నాథపురం వంతెన మీద పోయే బస్సులో మనుషులు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో గాలిలో ఫైళ్ళు సర్దుకుంటూ నిలబడతారు. పక్కవాడికి ఆ ఫైళ్ళు కనబడవు, మోచెయ్యి మాత్రం తగులుతుంది. దాని మీద రోజూ తగవులే.

ఇంత సుఖంలోనూ ఒక పాత రోగం వదల్లేదు. ఒకరి కంటికి అక్షరం ఇంత ఉంటే చాలు, ఇంకొకరికి అంత కావాలి. తాతల కాలంలో కంప్యూటర్‌కి రెండో మానిటర్ తగిలించి, ఒకదాని కొలత నూరు శాతం, రెండోదాని కొలత నూట యాభై శాతం పెట్టుకున్నవాళ్ళకు ఆ అవస్థ తెలుసు. ఒక తెరలోని బొమ్మను రెండో తెరలోకి లాగగానే ఉబ్బిపోయేది. మౌస్ ఒకచోట నొక్కితే ప్రోగ్రాం ఇంకోచోట నొక్కారనుకునేది. ప్రోగ్రాం చోటును లెక్కపెట్టే అంకెలు, అంటే నిరూపకాలు, వేరు, తెర మీది అసలు పిక్సెళ్ళు వేరు కదా మరి! రెండింటి మధ్యా కొలమార్పు, అంటే స్కేలింగ్, సరిగా కుదరకపోతే అంతా గందరగోళమే.

ఆ రోగానికి మందు కనిపెట్టింది మందాకిని. సముద్ర యంత్రాల పరిశోధనశాలలో చేరిన నాటినుంచీ ఆమెకు అదే ధ్యాస. చివరికి తయారైన ఆ అద్భుతానికి సమతెర అని పేరు పెట్టింది. నలుగురు చుట్టూ కూర్చుంటే మధ్యలో ఒకే దృశ్యం తేలుతుంది. కానీ ఎవరి కంటికి తగిన సైజులో వాళ్ళకు కనిపిస్తుంది. ఒకరు తమ దృశ్యంలో చేప కంటిని ముట్టుకుంటే మిగతా ముగ్గురి దృశ్యాల్లోనూ సరిగ్గా ఆ చేప కన్నే మెరుస్తుంది. ఇందుకు యంత్రానికి తెలియాల్సినవి రెండే. ఎవరి కొలత ఎంత అన్నది కటకమే వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పేస్తుంది. ఎక్కడినుంచి లెక్కపెట్టాలో, ఆ మూలబిందువును మాత్రం మనిషే చెప్పాలి. అందుకే కూర్చోగానే తెర అడుగుతుంది, నలుగురి మధ్య చోటు ఎక్కడో వేలితో చూపించమని. చూపించిన చోటే సున్నా.

నెలల తరబడి పరీక్షలు జరిగాయి. ఒక్కటంటే ఒక్క తప్పు రాలేదు. అయితే ఆ ల్యాబ్‌లో అందరిదీ ఒకటే అలవాటు. ఖాళీ దొరికినప్పుడు ఎవరికి వారు ఒంటరిగా వెళ్ళి, మిగతా మూడు కుర్చీలూ ఖాళీగా ఉండగానే తమ వంతు పరీక్ష ముగించుకుని వచ్చేసేవారు. నలుగురూ ఒకేసారి కలిసేది టీ దగ్గరే. ఇందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు.

ఇంకా ప్రారంభోత్సవం కూడా కాలేదు, ఇంతలోనే కబురొచ్చింది. సముద్రంలో పాతబడిన గ్యాస్ తీసే వేదిక ఒకటి కూలింది. దాని కింద వంజరం అనే చిన్న జలాంతర నౌక చిక్కుకుపోయింది. గాజు బుడగ లాంటి ఆ నౌకను నడుపుతున్నది హైమ. హైమ ఎవరో కాదు, మందాకిని సొంత చెల్లెలు.

నౌక మీద పెద్ద ఇనుప దూలం అడ్డంగా పడింది. అక్కడ సముద్రం అడుగున, ల్యాబ్‌నుంచి ఒక్కొక్కరు ఒక్కోటి నడిపే నాలుగు యంత్రహస్తాలు ఉన్నాయి. దూలాన్ని నాలుగు చోట్లా ఒక్కసారే పట్టి నిట్టనిలువుగా లేపాలి. ఒక్క చెయ్యి అటూ ఇటూ అయినా దూలం ఒరుగుతుంది, గాజు నుజ్జవుతుంది. సాయంత్రం దాకా ఊపిరికి ఢోకా లేదు, ఆ తర్వాత దేవుడే దిక్కు. ఈ పనికి సమతెర తప్ప గతి లేదు.

నలుగురూ పరుగున వచ్చి కూర్చున్నారు. ఒకవైపు ల్యాబ్‌కి పెద్ద అయిన డాక్టర్ పురుషోత్తం, చూపు మందగించింది గనక అన్నీ రెండింతలు చేసి చూస్తారు. ఎదురుగా యంత్రహస్తాలు నడపడంలో ఆరితేరిన ఏసుపాదం. మూడో కుర్చీలో మెహరున్నీసా, సముద్రమంతా అరచేతిలో పట్టేంత చిన్నదిగా చూస్తేగాని ఆమెకు తోచదు. నాలుగో కుర్చీలో మందాకిని. తెర అడిగింది, నలుగురూ వేళ్ళు చాపి మధ్య చూపించారు, హస్తాలు కదిలాయి.

పురుషోత్తం గారి చెయ్యి వట్టి నీళ్ళను పట్టుకుంది. మెహరున్నీసా చెయ్యి ఇసుకలో దిగబడింది. ఏసుపాదం చెయ్యి దూలాన్ని వదిలేసి గాజును రాసుకుంటూ పోయింది. కిందనుంచి హైమ గొంతు వినిపించింది.

"అక్కా, ఎవరో గాజు గోకుతున్నారే. పైన మీకు కనబడట్లేదా?"

అందరూ కొలత నూరు శాతానికి మార్చి చూశారు, అదే తంతు. కటకాలు తీసి తుడిచి పెట్టుకున్నారు, ఏమీ మారలేదు. ఇక వాదన మొదలైంది. తన లెక్క పక్కాగా ఉందనీ, మిగతావాళ్ళే తన లెక్కకు రావాలనీ పురుషోత్తం గారు ఒంటికాలిమీద లేచారు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న చెయ్యి తప్పదని ఏసుపాదం, తను గీతలు పెట్టి మరీ చూశానని మెహరున్నీసా, ఎవరూ తగ్గలేదు.

"నాది సరిగ్గానే ఉందండీ బాబూ. మీరు ముగ్గురూ నా దగ్గరికి వచ్చెయ్యండి" అంది మందాకిని.

అన్నదే గాని, ఠక్కున ఆగిపోయింది. నాలుగు నోళ్ళలోనూ ఒకటే మాట! నలుగురూ నాది సరే అంటున్నారంటే కొలతల్లో లేదు తిరకాసు.

"తెరా, ఇందాక మేం చూపించిన మధ్యలు నాలుగూ ఒకేసారి చూపించు."

గాలిలో నాలుగు చుక్కలు వెలిగాయి. ఒక్కటి కూడా మధ్యలో లేదు. భోజనాల బంతిలో విస్తళ్ళు వేసినట్టు ఎవరి చుక్క వాళ్ళ ముందే ఉంది. మధ్య చూపించమంటే ప్రతివాళ్ళూ తమవైపు జానెడు లాక్కుని చూపించారు. ఇక్కడ జానెడు తేడా సముద్రం అడుగుకు వెళ్ళేసరికి బారెడైంది. ఒంటరిగా పరీక్షించినన్నాళ్ళూ ఎవరి మధ్య వాళ్ళకు సరిపోయింది మరి!

ఏసుపాదం నాలుక కరుచుకున్నాడు. పురుషోత్తం గారు కళ్ళజోడు లేని ముక్కును సర్దుకున్నారు.

"అయితే నిజమైన మధ్య నువ్వే లెక్కకట్టు" అన్నారాయన తెరతో.

"మీరెక్కడ కూర్చున్నారో నాకు తెలీదండి. మీ వేళ్ళు చెప్పిందే నాకు తెలుసు" అంది తెర.

మందాకినికి అప్పుడు తట్టింది. నిజమైన మధ్యతో పనేముంది? నలుగురికీ ఒకే చోటైతే చాలు! అందరినీ చూపుడువేళ్ళు చాపమంది. చూపించడం కాదు, ఒకరి వేలికొన ఇంకొకరి వేలికొనకు తగలాలంది. ముగ్గురి వేళ్ళు చప్పున కలిశాయి. పురుషోత్తం గారి చెయ్యి పొట్టి, అందలేదు. ల్యాబ్‌లో ఎవరొచ్చినా కుర్చీలోంచి కదలని పెద్దమనిషి ఇప్పుడు మోకాళ్ళు పట్టేసినా లేచి, బొజ్జ ఆనేలా ముందుకు వంగి, వేలు తెచ్చి ఆనించారు.

"ఇదే సున్నా" అంది మందాకిని.

ఆ తర్వాత చూడాలి! నాలుగు హస్తాలూ ఒక్క మనిషి చేతుల్లా వెళ్ళి దూలాన్ని పట్టాయి. ఇసుక మేఘంలా లేచింది. దూలం కొంచెం లేచింది, ఇంకొంచెం లేచింది, ఒరగలేదు. గాజు బుడగ జారినట్టు బయటికి వచ్చి, గిర్రున తిరిగి పైకి దూసుకుపోయింది. నలుగురూ పసిపిల్లల్లా చప్పట్లు కొట్టారు. మెహరున్నీసా అయితే పురుషోత్తం గారిని కావలించుకుని ఏడ్చేసింది.

పొద్దు వాలకముందే హైమ ఒడ్డుకు చేరింది. టీ గదిలో ఆమె చుట్టూ అంతా చేరి కాజాలు తినిపిస్తున్నారు. మందాకిని మాత్రం ఒకసారి సమతెర గదిలోకి వచ్చింది. ఒక సంగతి ఆమెను లోపల తొలుస్తోంది. ఆ పెద్దాయనది కాక ఇంకెవరిదై ఉంటుందిలే అనుకుంటూనే అడిగింది.

"తెరా, ఇందాకటి నాలుగు చుక్కల్లో అందరికన్నా ఎక్కువ తమవైపు లాక్కున్నదెవరు?"

"మీరేనండి. తర్వాత వేళ్ళు కలిపిన సున్నానుంచి కొలిస్తే మీ చుక్క మిగతా ముగ్గురి చుక్కలకన్నా రెట్టింపు దూరం."

మందాకిని చెంపలు వేడెక్కాయి. చెల్లెలు కింద ఉంటే మనసు నిలకడగా ఎలా ఉంటుందని తనకు తనే సర్దిచెప్పుకుంది. అయినా చెంపల వేడి తగ్గలేదు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అంది.

"నేనిలా అడిగానని వాళ్ళకి చెప్పకు."

"అలాగేనండి" అంది తెర. "మీకంటే ముందు వాళ్ళు ముగ్గురూ కూడా ఒక్కొక్కరే వచ్చి, ఇదే అడిగి, ఇదే జవాబు విని, ఇదే మాట చెప్పి వెళ్ళారు."

ఆమె టీ గదిలోకి వచ్చేసరికి నవ్వులు ఆగాయి. పురుషోత్తం గారు కాజాల పళ్ళెం వంక చూస్తున్నారు, ఏసుపాదం కిటికీ వంక, మెహరున్నీసా తన గోళ్ళ వంక. ఒక్కరూ ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె కూడా ఎవరి మొహంలోకీ చూడకుండా వెళ్ళి, వాళ్ళు అట్టిపెట్టిన కుర్చీలో చెల్లెలి పక్కన కూర్చుని పళ్ళెం తనవైపు లాక్కోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.