చిటికెన వేలి చివరి ఎముక

మా ఆఫీసుకి ఎముకలు చీరల పెట్టెల్లో వస్తాయి. సూరత్‌లో పోలీసులకైనా ఎవరికైనా చేతికి ముందు దొరికే అట్టపెట్టె అదే మరి. నలభై ఒకటో నంబరూ అలాగే వచ్చింది. మూత మీద ఎర్రచీర కట్టుకున్న అమ్మాయి నవ్వుతోంది, లోపల మనిషి ఉన్నాడు. పల్సానా దగ్గర ఎప్పుడో మూతపడిన రంగుల మిల్లు వెనక, పైపు వేయడానికి తవ్వుతుంటే బయటపడ్డాడట. ఏళ్ల తరబడి రంగునీళ్లలో నాని ఎముకలన్నీ బీట్‌రూట్ తరిగిన చేతుల్లా అయ్యాయి. ఎన్నిసార్లు కడిగినా తొట్టిలో నీళ్లు ఊదాగా మారుతూనే ఉన్నాయి. తడిమట్టీ మిల్లు కాలవా కలిసిన వాసన గదిలోంచి పోలేదు.

ఎముకని చూసి మనిషి ఎలాంటివాడో చెప్పడం నా పని. మొదటి రోజు నేనే కొలిచాను, నేనే ఫొటోలు తీశాను, నా చేత్తోనే రాశాను. మగవాడు, యాభైకి అటూ ఇటూ, అయిదడుగుల నాలుగంగుళాలు, బతికుండగా ఎక్కడా ఎముక విరగలేదు. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. తప్పులు చేయనని అనను. కానీ ఇంత పెద్ద తప్పు చేయను.

రెండో రోజు, మంగళవారం, ఎల్లవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి, రెండు చేతులకీ నిండుగా ఆకుపచ్చ మట్టిగాజులు. ఆమె భర్త మొండయ్య మావాళ్లలాగే సూరత్‌కి వలసొచ్చి, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. పన్నెండేళ్ల కిందట పల్సానాలో పనుందని వెళ్లి మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టడానికి మాకు వేరే గది లేదు. ఒక్క గది ఇవ్వండి మహాప్రభో అని మూడుసార్లు అర్జీ పెట్టాను, జవాబు లేదు. ఎముకలు పరిచిన బల్ల పక్కనే స్టూలు వేసి మాట్లాడాల్సి వచ్చింది.

"ఎడమ దిక్కు, గీడ," అంటూ ఆమె తన మెడ కింద కాలర్‌బోన్ మీద చెయ్యి పెట్టుకుంది. "సాంచ మీది షటిల్ ఎగిరొచ్చి తాకింది. బొక్క ఇరిగి వంకరగ అతికింది."

"గసొంటిది దీనికి లేదవ్వా. నేను సూసిన," అన్నాను ఆమె యాసలోనే.

ఆమె ఏడవలేదు. గాజులు చప్పుడు కాకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"జర మంచిగ సూడు బిడ్డా. ఉన్నడా లేడా, గదొక్కటి చెప్పు. లేడంటే గాజులు తీసి దినాలు చేస్త. ఉన్నడంటే ఇంకిన్ని రోజులు సూస్త. నడిమిట్ల నిలవెట్టకు."

బుధవారం పొద్దున తలుపు తెరిచి చూస్తే, ఎడమ కాలర్‌బోన్ మధ్యలో గట్టి ముడి ఉంది. విరిగి, వంకరగా అతుక్కుని, ఏళ్లు గడిచిన ముడి.

కళ్లు నెత్తికెక్కాయా నీకు అని నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత మొదటి రోజు ఫొటో ఫైల్లోంచి బయటికి తీశాను. అందులో ఎముక నున్నగా, తిన్నగా ఉంది. ఎవరైనా మార్చారా అనుకుందామంటే గది తాళం నా దగ్గరే ఉంటుంది. మా పైఆఫీసరుకి రెండూ చూపించాను. ఆయన ఫొటో వైపు ఒకసారీ, నా మొహం వైపు రెండుసార్లూ చూసి, నాలుగు రోజులు సెలవు తీసుకోమన్నాడు. ఒళ్లు మండిపోయింది.

గురువారం ఎల్లవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి ముందరి పళ్ల సంగతి చెప్పింది. నేతపనివాళ్లు దారం పళ్లతో కొరికి కొరికి పైపళ్ల అంచున చిన్న గాడి పడుతుంది. మొండయ్యకీ ఉండేదట. నలభై ఒకటికి లేదు. నేను సాంచాలవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, మా నాన్న నోట్లో ఆ గాడి చూస్తూ పెరిగినదాన్ని. ఏ పుర్రె వచ్చినా ముందు అదే వెతుకుతాను.

శుక్రవారం పొద్దున గాడి ఉంది. వేలి కొన పెట్టి చూశాను. సరిగ్గా దారమంత మందాన ఉంది.

రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ ఎముకలు వింటున్నాయి.

మరి రిపోర్టులో ఏం రాయాలి? నా ఫొటో కాదంటోంది. బల్ల మీది ఎముక అవునంటోంది. డీఎన్ఏ చేయించరాదా అంటారు అందరూ. రంగునీళ్లలో నానిన ఎముకలోంచి ఏమీ రాదని ల్యాబు నుంచి ఒక్క లైను జవాబొచ్చింది. వచ్చినా పోల్చడానికి ఎల్లవ్వ, మొండయ్యలకి పిల్లలు లేరు. పోలీసు జమాదారేమో శనివారం సాయంత్రంలోగా తేల్చమని రోజుకి మూడు ఫోన్లు. వినిపించిన మాటల్నే ఎముకలు తిరిగి చూపిస్తుంటే, ఆ ముసలామె చేత గాజులు తీయించడం పాపం. నిజంగా మొండయ్యే అయితే, ఆమెని ఇంకా ఎదురుచూడనివ్వడం అంతకన్నా పాపం.

ఇలాంటి చిక్కుకి మా చదువులో ఒక పద్ధతి ఉంది. జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఒకటి అడగాలి. బతికున్న మనిషి గుర్తు చెప్పి చూడాలి. అది కూడా వచ్చిందంటే ఈ ఎముకలు ఎవరినడిగినా అవుననేవే, నమ్మక్కర్లేదు. ఒంటి మీద ప్రతి దెబ్బా నాకు తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. మా నాన్న.

శనివారం సెలవు. మధ్యాహ్నం రెండింటికి ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. బయట వాన. స్టూలు బల్లకి దగ్గరగా లాక్కున్నాను.

"మా నాన్న పేరు బక్కయ్య," అన్నాను. ఖాళీ గదిలో నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఎడమ చేతి చిటికెన వేలు చివరి కణుపు లేదు. నేను మూడో క్లాసులో ఉండగా సాంచ బెల్టులో పడి తెగిపోయింది."

చూస్తూ కూర్చున్నాను. గోరంత ఎముక అది. ట్రేలో వరసగా పేర్చిన వేళ్ల చివర, దాని చోటున అది ఉంది. పావుగంట గడిచింది. ఏమీ కాలేదు. నా పిచ్చికి నాకే నవ్వొచ్చింది.

వానజల్లు కిటికీలోంచి కాగితాల మీద పడుతోంది. మూయడానికి లేచాను. ఒక్క రెక్క మూశాను... రంగుల వాసన గుప్పుమంది. ముక్కు పట్టుకునేంత. నా వెనక... ట్రే మీద ఏదో చిన్నగా కదిలింది. రేకు మీద గోరు గీసినట్టు.

తిరిగాను.

చిటికెన వేలు రెండు ఎముకలతో ఆగిపోయింది. మూడోది లేదు. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికాను. బల్ల కింద, బీరువా కింద, నా చెప్పుల్లో కూడా... లేదు. మిగిలిన ఎముక కొస నున్నగా గుండ్రంగా మానిపోయి ఉంది. పాతికేళ్ల కిందటి గాయంలా.

నిజానికి నాకు భయం వేయాలి. అప్పుడు వేసింది కోపం. అయిదు రోజులు నన్ను ఆడించినందుకు, ముసలామెతో ఆడుకున్నందుకు. ఇవి అబద్ధాలాడతాయి, అంతే. రిపోర్టులో 'గుర్తు తెలియలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఎల్లవ్వకి ఫోన్ చేసి చెప్పాను.

"గా పెట్టెల వచ్చింది మీ ఆయన కాదవ్వా."

అటువైపు గాజులు గలగలమన్నాయి. తర్వాత, "సరే బిడ్డా," అంది.

మూడున్నరకి జమాదారు వచ్చి పెట్టె ఒక్కడే చంకలో పెట్టుకుని వ్యాన్ ఎక్కించాడు. ఎవరూ అడగని వాళ్లని పూడ్చే చోటికి తీసుకెళ్తానన్నాడు. తాళం వేసి, వానలో ఎప్పటికో దొరికిన ఆటో ఎక్కి ఇంటికి చేరేసరికి ఆరయింది.

అమ్మ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది.

"రెండింటి సంది గట్లనే కూసున్నడు. మాట లేదు ముచ్చట లేదు," అని గుసగుసగా అంది. "ఆయన ఏలు సూడు సిందూ. జర సూడు."

నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. అయిదు వేళ్లు. చిటికెన వేలు పూర్తిగా ఉంది, కణుపుతో, గోరుతో. ఆ గోరు ఊదా రంగులో ఉంది.

కుడిచేత్తో తన ఎడమ కాలర్‌బోన్ మెల్లగా రుద్దుకుంటున్నాడు. అక్కడ ఆయనకి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు.

"బాపూ..." అన్నాను.

తలెత్తాడు. నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. మర్యాదగా లేచి నిలబడబోయాడు. నేను ఇంట్లో ఆఫీసు మాట ఏనాడూ ఎత్తలేదు. పేర్లు అసలే చెప్పను.

"మేడం," అన్నాడు మా నాన్న. "గా పెట్టెల ఉన్నది నేను కాదని ఎల్లవ్వకు ఎందుకు చెప్పిండ్రు?"

జమాదారుకి ఫోన్ చేశాను. పూడ్చవద్దన్నాను. పూడ్చి గంటయిందన్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు, మేడం, ఒక మాట అడగనా అన్నాడు.

"మీ దగ్గర నేనొక్కణ్ణే ఎత్తాను కదా. అక్కడ దించడానికి, నిండు మనిషిని మోసినట్టు, నలుగురం పట్టాల్సొచ్చింది. ఆ పెట్టెలో ఇంకేం పెట్టారు?"