టైలరమ్మకు చదివిన కాగితం

మా సంఘంలో ఎవరు పోయినా మొదటి ఫోను పాస్టరు గారికి, రెండోది నాకు వచ్చేది. బంధువుల సంగతి ఆ తర్వాతే. ముప్పై ఎనిమిదేళ్లు ఆ పని చేశాను. సమాధికి ముందు జరిగే ప్రార్థన కూడిక ఏ పాటతో మొదలుపెట్టాలి, శవపెట్టె లేపేటప్పుడు ఏ పాట పాడాలి, బైబిలు వాక్యం ఎవరు చదవాలి, మాటల్లేని అన్నదమ్ములిద్దరూ ఒకే బెంచీ మీదికి రాకుండా ఎలా సర్దాలి, స్పృహ తప్పే కోడలి పక్కన నీళ్లగ్లాసుతో ఎవరుండాలి, అన్నీ నేనే చూసేదాన్ని. "మా అక్క ఏర్పాటు చేస్తే చచ్చినవాళ్లు కూడా టైముకి వస్తారు" అని మా చెల్లి అందరి ముందూ అనేది.

చెల్లి నాకంటే ఐదేళ్లు చిన్నది. అమ్మ పోయేటప్పటికి దానికి ఏడేళ్లు. నేనే ఒళ్లో వేసుకుని పెంచాను. పెళ్లయిన ఆరేళ్లకు భర్త పోతే మళ్లీ నా దగ్గరికే వచ్చేసింది. ఒకే గదిలో రెండు మంచాలు వేసుకుని నలభై ఏళ్ల పైన గడిపాం. చర్చిలో హార్మోనియం అదే వాయించేది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. అరవై దాటినవాళ్లు తమ జీవితం గురించి ఒక పేజీ రాసి, కవరులో పెట్టి నాకు ఇస్తారు. వాళ్లు పోయినప్పుడు భూస్థాపన కూడికలో నేను దాన్ని చదవాలి. లేకపోతే పిల్లలు ఆ కంగారులో ఏదో ఒకటి చెప్పి అసలు సంగతి వదిలేస్తారు. పేరు పాస్టరు గారు ముందే చెబుతారు కనక కాగితంలో ఉండదు. "మన సహోదరి", "మన సహోదరుడు" అనే రాసుకుంటారు. చివరి వాక్యం అందరిదీ ఒకటే: ప్రభువునందు నిద్రించింది, లేదా నిద్రించాడు. మేం దాన్ని బతుకు కాగితం అంటాం. ఆ కవర్లన్నీ నా బీరువా కింది అరలో ఉండేవి.

రెండేళ్లుగా నాకు మరుపు వస్తోంది. పాలు పొంగబెట్టుకోవడం లాంటిది కాదు, అది అందరికీ ఉండేదే. చేతిలో తాళంచెవి పట్టుకుని, ఇది ఏ తలుపుదో తెలియక నడవలో నిలబడిపోయేదాన్ని. చెయ్యాల్సిన పనులు అరచేతిలో పెన్నుతో రాసుకుని గుప్పిట మూసుకుని తిరిగేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పని తీసేస్తారు. ఆ పని పోతే ఇక నేనంటూ ఏం మిగులుతాను?

అలా ఉండగా టైలరమ్మ పోయింది.

ఆవిడ చర్చి వెనక గదిలో ఉండేది. పెట్టెల లోపల పరిచే తెల్ల శాటిను గుడ్డ కుట్టడం ఆవిడ పని. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుండేది. ఎవరైనా మంచాన పడ్డారంటే పలకరించడానికి వెళ్లేది. ఆ పలకరింపులోనే కళ్లతో కొలతలు తీసుకుంటుందని మా చెల్లి నవ్వేది. ఆవిడకు నా అన్నవాళ్లు లేరు. ఒక పొద్దున మిషను మీద తల వాల్చి, పళ్ల మధ్య దారంతో అలాగే పోయి ఉంది.

ఆవిడ పెట్టెలో మాత్రం గుడ్డ లేదు. అందరికీ కుట్టేది ఆవిడే కదా. ఇంకొకరితో కుట్టించాలన్న సంగతి నాకు గుర్తే రాలేదు. ఒట్టి చెక్క మీద పడుకోబెట్టాం.

కూడికలో నా వంతు వచ్చింది. ఆవిడ కవరులోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. మన సహోదరి చిన్ననాడే తల్లిని పోగొట్టుకుంది. అక్క ఒళ్లో పెరిగింది. కొద్ది కాలంలోనే భర్తనూ పోగొట్టుకుంది. తన చేతులతో ఈ సంఘానికి సేవ చేసింది...

నాలుగో వాక్యం దగ్గర తెలిసింది నాకు. అది మా చెల్లి కాగితం.

ముందురోజు కవర్లు సర్దుతూ రెండు కాగితాలు బయటికి తీసినట్టున్నాను. ఒకదాని కవరులో ఇంకొకటి పెట్టేశాను. అప్పుడే ఆపి ఉండాల్సింది. కానీ ఎదురుగా రెండు వందల మంది కూర్చున్నారు. ఆపలేదు. నిద్రించింది అన్నదాకా గొంతు వణకకుండా చదివేశాను.

జనం కళ్లొత్తుకున్నారు. పాపం, ఈవిడకో అక్క ఉందని మనకు తెలియనే తెలియదే అనుకున్నారు. హార్మోనియం దగ్గర చెల్లి మాత్రం మెట్ల మీద వేళ్లు అలాగే ఉంచి నా వైపే చూస్తోంది.

ఇంటికి నడిచి వస్తుంటే మెల్లగా అంది. "అక్కా, నువ్వు చదివింది నాది."

"నీకు మతి పోయిందా ఏంటి?"

"పోనీలే. తప్పయిందను. నేనేం పోట్లాడను."

"తప్పు నీ చెవులది."

చెల్లి నాలుగడుగులు ముందుకు నడిచింది. తర్వాత నవ్వేసింది. "సరే తల్లీ. మరి నేను పోయాక ఏం చదువుతావు?"

తర్వాతి ఆదివారం చర్చి గేటు దగ్గర పాస్టరు గారి భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. ఒక్కరే వస్తున్నారు, మెట్ల దగ్గర జాగ్రత్తమ్మా అంది. చెల్లి నా పక్కనే, నా భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. లోపలికి వెళితే హార్మోనియం ముందు స్కూలు టీచరు కూర్చుని ఉంది. ఇదేంటని అడిగితే, వాయించేవాళ్లెవరూ లేరు కదా పెద్దమ్మా, అందుకే నేర్చుకుంటున్నానంది. చెల్లి వెళ్లి వెనక బెంచీ చివర కూర్చుంది. ఒక లావుపాటి ఆయన వచ్చి సరిగ్గా దాని ఒళ్లోనే కూర్చోబోయాడు. అది చప్పున పక్కకు జరిగింది.

ఆ సాయంత్రం వేడినీళ్లు కాచి దాని పాదాలు కడిగాను. ఎంత రుద్దినా వేడెక్కలేదు.

ఆ వారం నుంచి దీపాలు పెట్టే వేళకు మా గదిలో ఒక వాసన మొదలైంది. మిషను నూనె, కొత్త గుడ్డ, కొలతగీతల సుద్ద. తర్వాత ఒక చప్పుడు. చాలా చిన్నది. వంటగదిలో ఉన్నా వినిపించేది.

టిక్.

పళ్లతో దారం తెంపిన చప్పుడు.

ఒక పొద్దున చెల్లి లేవబోతే చెయ్యి రాలేదు. చూస్తే జాకెట్టు చెయ్యి దుప్పటికి కుట్టేసి ఉంది. ఆవాలంత కుట్లు, తెల్లదారంతో, ఎక్కడా వంకర లేకుండా. కత్తెరతో కత్తిరించి లేపాను. మర్నాడు రెండు చేతులూ. ఆ తర్వాత చీర కుచ్చిళ్లు. రోజూ కత్తిరించేదాన్ని. రోజూ కుట్లు ఒక జానెడు ఎక్కువయ్యేవి.

"కొలతలు తీస్తోంది అక్కా" అని చెల్లి గుసగుసగా చెప్పింది. "చేతులు మంచులా ఉన్నాయి."

"ఎవరే?"

అది నా వంక చూసింది. నాకు తెలిసే అడుగుతున్నానని దానికి తెలుసు.

నెల తిరిగాక టైలరమ్మకు జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ఆదివారం నాలుగు గంటలకు. మళ్లీ బతుకు కాగితం చదవాలి. చెల్లి అడిగింది ఒక్కటే. ఆ రోజు కాగితం మారిపోయిందని అందరి ముందూ చెప్పి, ఆవిడది ఆవిడకు చదివెయ్. చాలు. నేను దాని తల మీద చెయ్యేసి మాటిచ్చాను. బీరువాలో వెతికితే చెల్లి కవరులో టైలరమ్మ కాగితం దొరికింది. నాలుగే నాలుగు వాక్యాలు. మన సహోదరి ఎక్కడ పుట్టిందో తెలియదు. ఎవరింట్లోనో పనిచేస్తూ పెరిగింది. సంఘంలో నూట పన్నెండు మందికి పెట్టె లోపలి గుడ్డ కుట్టింది. తనకు ఎవరు కుడతారో తెలియదు.

చివర అందరూ రాసే వాక్యం ఆవిడ రాయలేదు.

ఆదివారం పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నం మూడుకే గదిలో మసక కమ్మింది. చెల్లిని లేపుదామని దుప్పటి తీశాను. భుజం నుంచి మడమ దాకా, రెండు వైపులా, పరుపుకు కుట్టేసి ఉంది. కత్తెర అందుకున్నాను. మెడ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

అక్కడ జాకెట్టు లేదు. గుడ్డే లేదు.

కుట్లున్నాయి.

ఒకటి కత్తిరించాను. చిన్న ఎర్రటి చుక్క వచ్చింది. చూస్తుండగానే దారం మళ్లీ బిగిసింది... చర్మం ముడుచుకుంది. చెల్లి అరవలేదు. పెదవుల ఒక చివర అప్పటికే మూసుకుపోయింది. రెండో చివర నుంచి అంది.

"వెళ్లు. టైముకి వెళ్లు."

రెండు కాగితాలూ సంచిలో పెట్టుకుని వానలో పరుగులాంటి నడకతో వెళ్లాను. చెప్పాల్సింది అరచేతిలో రాసుకున్నాను: తప్పు కాగితం చదివాను. దారిలోనే సిరా కరిగి నీలంగా కారిపోయింది. అయినా గుర్తుంది. ఆ రోజు నేనేమీ మరిచిపోలేదు. అది మాత్రం రాసి పెట్టాలి.

చర్చి వెనక వైపు నుంచి లోపలికి వెళుతుంటే పాస్టరు గారి గదిలో మాటలు వినిపించాయి. సంఘం సెక్రటరీ చెబుతున్నాడు. పెద్దమ్మకు మరుపు వస్తోందట, అరచేతిలో రాసుకుని తిరుగుతోందట. పాస్టరు గారు నిట్టూర్చారు. ఇవాళ చూద్దాం, ఏమైనా తేడా వస్తే ఈ పని పళ్ల డాక్టరు గారి భార్యకు అప్పజెబుదాం, పెద్దమ్మను ఇంటిపట్టున విశ్రాంతిగా కూర్చోబెడదాం అన్నారు. ఎంతో దయగా అన్నారు.

గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ నడవలోనే టైలరమ్మ గది. తలుపు ఓరగా తీసి ఉంది. నూనె వాసన. లోపల చీకట్లో, మిషను ముందు, వీపు మాత్రం కనిపిస్తోంది. మెడలో టేపు.

తల తిప్పలేదు.

"నాది చదవకండి పెద్దమ్మా."

గొంతు చాలా నెమ్మదిగా ఉంది. బతిమాలుతున్నట్టు.

"నాదాంట్లో ఏముంది... అదే బాగుంది. దాంట్లో అక్క ఉంది."

టిక్.

వేదిక ఎక్కాను. వాన చప్పుడు కిటికీ అద్దాల మీద. మొదటి బెంచీలో సెక్రటరీ, ఆయన పక్కన పళ్ల డాక్టరు గారి భార్య. ఆవిడ ఒళ్లో కొత్త నోటుపుస్తకం, తెరిచి పెట్టుకున్న పెన్ను. రెండు కాగితాలూ నా ముందు పరుచుకున్నాను. ఎడమ వైపు నాలుగు వాక్యాలు. కుడి వైపు నిండు పేజీ, మా చెల్లి గుండ్రటి అక్షరాలు.

ఎడమది చదివితే పోయిన నెల చదివింది తప్పని అందరికీ తెలిసిపోతుంది. ఎలా తప్పయిందని అడుగుతారు.

కుడి వైపు కాగితం తీసుకున్నాను.

మరిచిపోయి కాదు. తెలిసే. ప్రతి మాటా తెలిసే చదివాను. మన సహోదరి చిన్ననాడే తల్లిని పోగొట్టుకుంది... అక్క ఒళ్లో పెరిగింది... చివరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాను. మా గది, చెల్లి మంచం, సగం మూసుకున్న పెదవులు కళ్ల ముందు కనిపించాయి. పళ్ల డాక్టరు గారి భార్య పెన్ను పైకెత్తింది.

ప్రభువునందు నిద్రించింది.

అందరూ ఆమెన్ అన్నారు.

తర్వాత పాస్టరు గారు నా చేతులు పట్టుకున్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "పోయిన నెల విన్నట్టే ఉందమ్మా, ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. మీ జ్ఞాపకశక్తికి దేవుడికి స్తోత్రం."

నేను వందనాలు చెప్పాను. సంతోషం కూడా వేసింది. ఎందుకు దాచాలి, వేసింది.

ఇంటికి వచ్చేసరికి వాన వెలిసింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. గదిలో చెల్లి మంచం మీద తెల్ల శాటిను పరిచి ఉంది, ఒక్క ముడత లేకుండా. నాలుగు వైపులా పరుపుకు కలిపి ఆవాలంత కుట్లు. మొదలూ చివరా ఎక్కడో వెతికినా దొరకలేదు. కత్తెర పెట్టిన చోట లేదు. ఇల్లంతా చూశాను. మా ఇంట్లో మాకు ఒక కత్తెర ఉండేదన్న ఆనవాలే లేదు.

వంటగదిలో గిన్నె చప్పుడైంది.

"వచ్చావా అక్కా?"

అది మా చెల్లి గొంతు కాదు.

ఇప్పుడు సంఘంలో అందరూ నన్నడిగేది ఆవిడ గురించే. మీ చెల్లెలు బాగున్నారా, మీకు తోడుగా ఉన్నారు, అదృష్టవంతులు అంటారు. ఆవిడ నన్ను బాగా చూసుకుంటుంది. మందులు ఇస్తుంది. కవర్లు వరసగా సర్ది పెడుతుంది. నేనేదైనా మరిచిపోతే గుర్తు చేస్తుంది. అమ్మ పోయిన రోజు నేనూ చెల్లీ ఏ గుమ్మంలో కూర్చున్నామో, నేను దానికి ఏ పాట పాడానో కూడా చెబుతుంది. ఆ సంగతి ఏ కాగితంలోనూ రాయలేదు. ఒక్కోరోజు విని విని, అవునేమో అనిపిస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను. నాకొక చెల్లి ఉండేది. ఈవిడ కాదు.

నాలుగు నెలలైంది. ఆ మంచం మీద ఎవరూ పడుకోరు. నిన్న పాస్టరు గారు ప్రార్థన చేయడానికి వచ్చారు. కుర్చీ తెచ్చేలోపే ఆ మంచం అంచున కూర్చున్నారు. కూర్చున్నవారు చప్పున లేచి, శాటిను మీద అరచెయ్యి ఆనించి చూశారు.

"పరుపు ఇంత వెచ్చగా ఉందేంటమ్మా? ఎవరైనా ఇప్పుడే లేచారా?"

ఆవిడ నా వెనక నుంచి వచ్చి, పక్కన నిలబడి, నా చెయ్యి పట్టుకుంది.

"లేదండీ" అంది. "ఎవరూ లేవలేదు."